ఎండుటాకుల మీద యాభై ఏళ్ల తగువు

అమెరికా శివారు కాలనీల్లో ఇరుగుపొరుగు మాట పట్టింపులకు కారణాలకు కొదవ లేదు. కుక్క మొరుగుడు, కంచె హద్దు, కారు పార్కింగ్, రాత్రి పార్టీలు. ఆకులు ఊదే యంత్రం, అదే లీఫ్ బ్లోయర్, ఈ వరుసలోకి ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం వెనక్కి తగ్గలేదు. దాని మీద 1975 నుంచి ఊళ్లు చట్టాలు చేస్తున్నాయి. దాని కోసం తోటమాలులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఊళ్లు చేసుకున్న చట్టాలు చెల్లకుండా రాష్ట్రాలు వేరే చట్టాలు తెచ్చాయి. ఇంత జరిగినా తగువు తెగలేదు. శబ్దం అనే ఒక్క ఫిర్యాదు కింద కొలత, పొగ, కూలి, అధికారం అనే నాలుగు లెక్కలు కలగలిసిపోవడమే అందుకు కారణం. ఒకరు ఒక లెక్క గురించి మాట్లాడుతుంటే అవతలివారు ఇంకో లెక్కకు జవాబు చెబుతున్నారు.

పొలం నుంచి పెరట్లోకి

వీపున తగిలించుకుని పంటకు మందు కొట్టే యంత్రానికి లీఫ్ బ్లోయర్ దగ్గరి చుట్టం. 1970ల మొదట్లో జపాన్ ఇంజినీర్ల చేతుల మీదుగా తోటపనికి తగ్గ రూపంలో అమెరికాకు వచ్చింది. దాని వ్యాప్తికి కాలిఫోర్నియా కరువు తోడైంది. అప్పటిదాకా ఇంటి ముందు సిమెంటు దారినీ కాలిబాటనూ గొట్టంతో నీళ్లు కొట్టి కడిగేవారు. నీటికి కటకట వచ్చాక ఆ పని గాలితో చేయడం మొదలైంది. నీళ్లు పొదుపు చేసే సాధనంగా మంచి పేరుతోనే ఇది జనంలోకి వచ్చిందన్న సంగతి ఇప్పటి వాదనల్లో దాదాపు ఎవరూ గుర్తు చేయరు.

ఫిర్యాదులు కూడా అంతే త్వరగా వచ్చాయి. సముద్రపు ఒడ్డున ఉన్న కార్మెల్ అనే చిన్న ఊరు 1975లో, సినిమా తారలుండే బెవర్లీ హిల్స్ 1978లో ఈ యంత్రాన్ని నిషేధించాయి. అమ్మకాలు మాత్రం ఆగలేదు. 1990 నాటికి దేశం మొత్తం మీద ఏడాదికి 8 లక్షలకు పైగా అమ్ముడవుతున్నాయి. నిషేధాలు పెట్టిన మొదటి రెండు ఊళ్లూ సంపన్నులవి కావడం వల్ల ఇది ఉన్నవాళ్ల సౌఖ్యం గొడవ అనే ముద్ర ఆదిలోనే పడింది. ఆ ముద్ర పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు.

కొలత దగ్గరే మొదటి పేచీ

ఈ యంత్రాల శబ్దాన్ని పరిశ్రమ 50 అడుగుల దూరంలో కొలుస్తుంది. పాత యంత్రాలు అక్కడ 70 డెసిబెల్స్ దాటేవి, ఇప్పటి కొన్ని మోడళ్లు 65 దగ్గర ఆగుతాయి. దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి 65 పలికే యంత్రం 100 అడుగుల దగ్గర 59, 200 అడుగుల దగ్గర 53 పలకాలి. కాగితం మీద ఇది భరించదగ్గదే. చిక్కల్లా ఇళ్ల స్థలాలతో వస్తుంది. ఇప్పటి కాలనీల్లో పక్కింటి పడకగది కిటికీ 50 అడుగుల లోపే ఉంటుంది. పనివాళ్లు ఒక్క యంత్రంతో రారు, రెండు మూడు తెస్తారు. యంత్రాన్ని వీపున మోసే మనిషి చెవి దగ్గర 90 డెసిబెల్స్ దాటడం మామూలే. ఎనిమిది గంటల పనికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన హద్దు 85.

రెండో చిక్కు సూక్ష్మమైనది. నిబంధనలన్నీ వాడే కొలత మన చెవి స్వభావాన్ని అనుసరించి లోతు స్వరాలకు తక్కువ విలువ కడుతుంది. పెట్రోలు ఇంజిన్ మోతలో ఆ లోతు స్వరాలే ఎక్కువ. గోడలూ కిటికీలూ కీచు శబ్దాన్ని ఆపినంతగా వాటిని ఆపలేవు. ఎరికా వాకర్, జేమీ బ్యాంక్స్ 2017లో ప్రచురించిన చిన్న అధ్యయనం ఈ సంగతినే ఎత్తి చూపింది. మీటరు మీద ఒకే అంకె పలికే రెండు యంత్రాలలో ఒకటి ఇంట్లోకి చొరబడుతుంది, ఇంకొకటి బయటే ఆగుతుంది. అంకె ఒకటే కదా అని వాదించేవారికీ, తలుపులు మూసినా వినబడుతోందని మొత్తుకునేవారికీ మధ్య ఎవరూ అబద్ధమాడటం లేదన్నమాట.

దీనికి మనస్తత్వ శాస్త్రం ఇంకో పొర చేరుస్తుంది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు పరిశోధకుల ప్రయోగాలు 1972లో పుస్తకంగా వచ్చాయి. వాళ్లు మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద మోతలు వినిపించారు. కొందరికి మాత్రం ఒక మీట చూపించి, మరీ భరించలేకపోతే నొక్కితే ఆగుతుంది, నొక్కకపోతే మంచిదన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అయినా ఆ మీట ఉన్నవాళ్లు తర్వాత ఇచ్చిన పనుల్లో ఓపికగా నిలబడ్డారు, లేనివాళ్లు త్వరగా చేతులెత్తేశారు. రెండు జట్లూ విన్నది ఒకే మోత. శబ్దం కలిగించే చిరాకులో శబ్ద తీవ్రత వాటా మూడో వంతుకు మించదని తర్వాతి పరిశోధనలూ చెబుతూ వచ్చాయి. మిగతాదంతా ఎప్పుడొస్తుందో, ఎప్పుడు ఆగుతుందో, చేసేవాడు మనల్ని లెక్కచేస్తాడో లేదో అన్నదానిమీద ఉంటుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని గీత గీశాయి. అమెరికా ఊళ్లు చాలాకాలం చేసిందీ అదే. మీటరుతో గీసిన గీత ఈ చిరాకును పట్టుకోలేదు.

నాలుగు వాదనలు

నిశ్శబ్దవాదులది అందరికంటే పాత వాదన. ఇంట్లో ప్రశాంతంగా ఉండటం హక్కు అనీ, యంత్రం వాడేవాడి సౌకర్యం కోసం వీధి మొత్తం మూల్యం చెల్లించనక్కర్లేదనీ వీళ్లంటారు. వీళ్ల గొంతు ఒకప్పుడు విసుగుమారి ముసలివాళ్ల సణుగుడుగా కొట్టిపారేసేవారు. వాషింగ్టన్ నగరంలో నిషేధం కోసం పనిచేసిన పాత్రికేయుడు జేమ్స్ ఫాలోస్ 2019లో 'ది అట్లాంటిక్' పత్రికలో రాసిన వ్యాసం వంటివి ఆ పరిస్థితిని మార్చాయి. అసలు బాధితుడు రోజంతా ఆ ఇంజిన్‌ను చెవి పక్కన మోసే కూలీ అని వాదన మలుపు తిరిగింది.

పొగ గురించి మాట్లాడేవారిది రెండో వాదన. అంకెల బలం వీళ్లకే ఎక్కువ. చాలా బ్లోయర్లలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజిన్. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి, పోసినదాంట్లో దాదాపు మూడో వంతు కాలకుండానే బయటికి పోతుంది. మన రోడ్ల మీద పాత స్కూటర్లు నీలిపొగ వదిలింది ఈ ఇంజిన్‌తోనే. ఎడ్మండ్స్ అనే కార్ల సమాచార సంస్థ 2011లో ఒక టూ స్ట్రోక్ బ్లోయర్‌నూ ఒక పెద్ద ఫోర్డ్ పికప్ ట్రక్కునూ పక్కపక్కన పరీక్షించింది. బ్లోయర్ అరగంటలో వదిలిన హైడ్రోకార్బన్లను వదలాలంటే ఆ ట్రక్కు దాదాపు 3,900 మైళ్లు నడవాలని తేలింది. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి లెక్క ఇంకొంచెం నిదానమైనది: గంటసేపు నడిచే వాణిజ్య బ్లోయర్, పొగమంచుకు కారణమయ్యే కాలుష్యంలో, ఒక 2017 మోడల్ క్యామ్రీ కారు 1,100 మైళ్లు నడిచినదానికి సమానం. ఈ రెండు అంకెలూ కొన్ని రకాల కాలుష్యానికే వర్తిస్తాయి, కార్బన్ డయాక్సైడుకు కావు. ప్రచారంలో ఆ తేడా తరచుగా జారిపోతుంది.

తోటపని కాంట్రాక్టర్లది మూడో వాదన. దుమ్మూ ధూళీ ఊడ్చడానికి బ్యాటరీ యంత్రం చాలు, నవంబరులో వానకు తడిసి అతుక్కుపోయిన ఆకుల్ని కదిలించడానికి చాలదంటారు. రోజంతా పనిచేయాలంటే బ్యాటరీలు గుత్తగా కొనాలి, ట్రక్కులోనే ఛార్జింగ్ ఏర్పాటుండాలి. ఆకుల పార, పొరక పట్టుకుంటే గంట పని సగం పూటవుతుంది, ఆ కూలి ఇంటివాళ్లు ఇవ్వరు. ఈ లెక్కలో కొంత అతిశయం ఉంది. కాకిలెక్క మాత్రం కాదు.

నాలుగోది చట్టాలంటే గిట్టనివారి వాదన: పక్కింటివాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి మునిసిపాలిటీ ఎందుకు? ఈ మాటకు ఆర్థిక శాస్త్రంలో గట్టి పునాదే ఉంది. రొనాల్డ్ కోస్ 1960లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో 1879 నాటి ఒక ఇంగ్లండు తీర్పును విప్పి చూపాడు. లండన్‌లో ఒక మిఠాయి వ్యాపారి ఇరవై ఏళ్లకు పైగా రోళ్లలో దినుసులు దంచుకుంటున్నాడు. పక్కింటి డాక్టరు తన పెరటి చివర, సరిగ్గా ఆ గోడను ఆనుకుని, రోగుల్ని చూసే గది కట్టుకున్నాడు. ఆ తర్వాత చప్పుడు మీద దావా వేసి గెలిచాడు. హాని ఒకవైపు నుంచే రాదు, డాక్టరు గది కట్టకపోతే రోళ్లు ఎవరికీ హాని కావు, బేరమాడుకునే వీలుంటే ఇద్దరూ ఒక ఒప్పందానికి వస్తారు అన్నది కోస్ చూపిన దారి.

ఈ పాత కథ 2020 తర్వాత మళ్లీ జరిగింది, ఈసారి ఊరూరా. కోవిడ్‌తో ఆఫీసులు ఇళ్లలోకి వచ్చాయి. పగటిపూట ఖాళీగా ఉండే కాలనీల్లో ఏళ్ల తరబడి ఎవరికీ వినబడకుండా జరిగిపోయిన పని హఠాత్తుగా ప్రతి జూమ్ మీటింగులోనూ వినబడింది. యంత్రం కొత్తది కాదు, పెరటి చివర గది కొత్తది. ఐతే కోస్ చెప్పిన బేరం ఇక్కడ కుదరదు. మిఠాయి వ్యాపారి ఒక్కడు, డాక్టరు ఒక్కడు. కాలనీలో ముప్పై ఇళ్లకు పదిహేను మంది కాంట్రాక్టర్లు వేర్వేరు రోజుల్లో వస్తారు. ఎవరు ఎవరితో ఏం బేరమాడాలి? మాట్లాడుకుంటే పోతుందనే సలహా రెండిళ్ల మధ్య గొడవకు పనికొస్తుంది, ముప్పై ఇళ్ల గొడవకు పనికిరాదు.

లాస్ ఏంజెలెస్‌లో జరిగింది

ఈ చరిత్రలో నిలిచి చూడదగ్గ ఘట్టం ఇదే. 1996 చివర్లో లాస్ ఏంజెలెస్ నగర మండలి ఇళ్లకు 500 అడుగుల లోపల పెట్రోలు బ్లోయర్లను నిషేధించింది. నటులు పీటర్ గ్రేవ్స్, జూలీ న్యూమార్ వంటివారు నిషేధానికి బహిరంగంగా మద్దతు పలికారు. అవతల పక్షం ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వలస వచ్చిన తోటమాలులు. వాళ్లు లాటిన్ అమెరికన్ తోటమాలుల సంఘం పెట్టుకున్నారు. అమలు వాయిదాల మీద వాయిదాలు పడి 1998కి వచ్చేసరికి, ఆ జనవరిలో నగర భవనం ముందు కొందరు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ ఉద్యమ నిర్వాహకుల్లో ఒకరైన అల్వారో హుయెర్టా తర్వాత విశ్వవిద్యాలయ ఆచార్యుడై వలస కార్మికుల మీద పుస్తకాలు రాశారు.

వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది. పచ్చిక మీద ఒక్క ఆకు కనబడకూడదని అడిగేది ఇంటి యజమాని, ఇంత తక్కువ డబ్బుకే చేయమనేదీ అతనే. శిక్ష మాత్రం యంత్రం పట్టుకున్న చేతికి ఎందుకు? నిరసన ఒత్తిడికి చట్టం కొంత మెత్తబడింది, జరిమానా తగ్గింది. బ్లోయర్ వాడినవాడితో పాటు అతన్ని పనికి పెట్టుకున్నవాడు కూడా బాధ్యుడే అన్న వాక్యం చట్టంలో ఉంది. ఆ వాక్యం ఈ మొత్తం చర్చలో అతి ముఖ్యమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం, ఆచరణలో దానికి దక్కిన విలువ అంతంతమాత్రమే అయినా. నిషేధం అమల్లోకి వచ్చిన పాతికేళ్ల తర్వాత కూడా ఆ నగరంలో పెట్రోలు బ్లోయర్ల మోత మామూలుగానే వినబడుతూ వచ్చింది. పోలీసులకు ఫోన్ చేస్తే వాళ్లు వచ్చేసరికి పనివాళ్లు మూడో వీధిలో ఉంటారు.

చట్టం పట్టిన దారులు

ఇప్పటిదాకా వచ్చిన నిబంధనల్ని పోల్చి చూస్తే ఒక్కొక్కటి తగువులో ఒక్కో ముక్కనే పట్టుకున్నట్టు కనబడుతుంది.

డెసిబెల్ హద్దు పెట్టడం అన్నిటికంటే న్యాయంగా కనబడే దారి. యంత్రం ఏదైనా ఫర్వాలేదు, హద్దు దాటకూడదు. కానీ మీటరూ, శిక్షణ ఉన్న మనిషీ సరిగ్గా ఆ నిమిషానికి అక్కడ ఉండాలి. అమలులో ఇది దాదాపు ఎక్కడా నిలవలేదు.

వేళలూ రుతువులూ కట్టడి చేయడం రెండోది. జర్మనీ 2002 నుంచి నివాస ప్రాంతాల్లో మామూలు బ్లోయర్లను పని దినాల్లో ఉదయం 9 నుంచి 1 దాకా, మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా మాత్రమే అనుమతిస్తోంది. ఆదివారం, సెలవు దినాల్లో అసలే కూడదు. అమెరికాలో ప్రిన్స్‌టన్ లాంటి ఊళ్లు వసంతం, శరత్తుల్లో పెట్రోలు యంత్రాలకు వీలిచ్చి తతిమ్మా నెలల్లో ఆపుతాయి. మోత తగ్గకపోయినా ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది, గ్లాస్, సింగర్ ప్రయోగాల వెలుగులో అది చిన్న లాభం కాదు.

మూడోది యంత్రం రకాన్ని బట్టి నిషేధం. వాషింగ్టన్ నగరం 2018లో చట్టం చేసి 2022 జనవరి 1 నుంచి పెట్రోలు బ్లోయర్లను ఆపింది. మూడేళ్ల గడువు ముందే ఇచ్చింది. మీటరు అక్కర్లేదు, ఫిర్యాదుదారు తీసిన ఫోటో సాక్ష్యం చాలు, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. పొరుగునే ఉన్న మేరీలాండ్ రాష్ట్రపు మాంట్‌గోమరీ కౌంటీ 2024 జులైలో అమ్మకాన్ని, 2025 జులైలో వాడకాన్ని ఆపి, బ్యాటరీ యంత్రం కొన్నవారికి కొంత సొమ్ము వెనక్కిచ్చే పథకం పెట్టింది. అమలు సౌలభ్యంలో ఈ దారికి సాటి లేదు. ఫోన్ ఎత్తి పొరుగువాడి పనిమనిషిని ఫోటో తీయడం ఎలాంటి ఇరుగుపొరుగును తయారుచేస్తుందన్న ప్రశ్న మాత్రం దాంతోపాటే వస్తుంది.

కొత్తవి అమ్మకుండా ఆపడం నాలుగోది. కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టం ప్రకారం 2024 మోడళ్ల నుంచి కొత్త చిన్న ఇంజిన్లు పొగ రానివై ఉండాలి. చిన్న కాంట్రాక్టర్లకు సాయంగా 3 కోట్ల డాలర్లు కేటాయించింది, అది ఏ మూలకూ చాలదని పరిశ్రమ అంది. చేతిలో ఉన్న పాత యంత్రాన్ని ఎవరూ లాక్కోరు. కాబట్టి గొడవ ఇవాళ ఆగదు, ఆ యంత్రాలు పాడైపోయే కొద్దీ నెమ్మదిగా సన్నగిల్లుతుంది.

ఎవరి మాట చెల్లాలి

ఇన్ని ఊళ్లు ఇన్ని రకాలుగా చట్టాలు ఎందుకు చేసుకోవలసి వచ్చిందన్నదానికి జవాబు వాషింగ్టన్‌లో ఉంది. అమెరికా 1972లో శబ్ద నియంత్రణకు ఫెడరల్ చట్టం చేసింది, పర్యావరణ సంస్థలో దానికోసం ఒక విభాగం పెట్టింది. 1980ల మొదట్లో రీగన్ ప్రభుత్వం ఆ విభాగానికి డబ్బు ఆపేసింది. చట్టం పుస్తకాల్లో ఉంది, అమలు చేసే మనిషి లేడు. పొగ విషయంలోనేమో చిన్న ఇంజిన్లకు సొంత ప్రమాణాలు పెట్టుకునే వెసులుబాటు ఫెడరల్ చట్టం కాలిఫోర్నియాకు తప్ప ఇతర రాష్ట్రాలకు ఇవ్వలేదు. పొగ మీద బెంగ ఉన్న ఊరు కూడా శబ్దం పేరుతోనే చట్టం చేయక తప్పని స్థితి ఇలా వచ్చింది. తగువు అంతా చప్పుడు భాషలో నడవడానికి ఈ చట్టపు చిక్కు కూడా ఒక కారణం.

ఊళ్లకు ఆ వీలు కూడా కొన్నిచోట్ల పోయింది. డాలస్ నగరం పెట్రోలు తోట యంత్రాలను దశలవారీగా తప్పించాలని ఆలోచిస్తుండగానే 2023లో టెక్సస్ శాసనసభ, ఇంధనాన్ని బట్టి ఇంజిన్ల మీద ఆంక్షలు పెట్టే అధికారం ఊళ్లకు లేదని చట్టం చేసింది. అదే ఏడాది జార్జియా, పెట్రోలు బ్లోయర్లను బ్యాటరీ వాటికంటే వేరుగా చూడకూడదని ఊళ్లను కట్టడి చేసింది. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో, జార్జియాలోని ఆల్ఫారెటా, కమింగ్‌లలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు దీని అర్థం తేలికే: సిటీ కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకుంటే యంత్రం మారదు. మిగిలింది కాలనీ గృహ యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ. ఈ సంఘాలే ఉమ్మడి స్థలాల తోటపనికి కాంట్రాక్టు ఇస్తాయి. ఫలానా రోజు, ఫలానా వేళ, బ్యాటరీ యంత్రంతోనే అని కాంట్రాక్టులో రాయించుకోవడానికి ఏ రాష్ట్ర చట్టమూ అడ్డు రాదు. ఇదే సంఘాలు గడ్డి పెరిగితే, ఆకులు పేరుకుంటే ఇంటివాళ్లకు నోటీసులు పంపుతాయి. మోతకు గిరాకీ పుట్టించేదీ, దాన్ని తగ్గించగలిగేదీ ఒకే సంస్థ అయినా, ఈ చర్చలో దాని పేరు మునిసిపాలిటీ పేరు వినబడినంతగా వినబడదు.

ఇంకా తేలనివి

ఆకుల్ని అసలు ఎందుకు కదిలించాలన్న ప్రశ్న కొత్తగా బలం పుంజుకుంటోంది. కీటకాల సంరక్షణకు పనిచేసే జెర్సెస్ సొసైటీ శరత్తులో ఆకుల్ని నేల మీదే వదిలేయమని ప్రచారం చేస్తోంది. చాలా సీతాకోకచిలుకలూ, చిమ్మటలూ, మిణుగురులూ చలికాలం గడిపేది ఆ ఆకుల కిందే. గంటకు 150 మైళ్లకు పైగా వేగంతో గాలి తగిలితే వాటికి మిగిలేదేమీ ఉండదు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం పచ్చిక పరిశోధకులు, ఆకుల్ని గడ్డి కోసే యంత్రంతోనే ముక్కలు చేసి అక్కడే వదిలితే పచ్చికకు నష్టం లేదనీ, కలుపు కూడా తగ్గుతుందనీ చూపారు. దీన్ని ఒప్పుకుంటే మిగతా నాలుగు వాదనల్లో సగం బరువు తగ్గిపోతుంది. కానీ మచ్చలేని పచ్చిక అమెరికా శివార్లలో మర్యాదకు గుర్తు. అది లేని ఇంటి ధర పడిపోతుందన్న భయం కీటకాల లెక్కలకు లొంగేది కాదు.

బ్యాటరీ యంత్రాల మీద కూడా మాట పూర్తి కాలేదు. అవి పొగ ఆపుతాయి, లోతు మోత తగ్గిస్తాయి, దుమ్ము మాత్రం అంతే లేపుతాయి. వాటి సన్నని ఈల స్వరం కొందరికి ఇంకా చికాకు. కాంట్రాక్టరు పెట్టుబడి పెరిగితే ఆ భారం ఇంటి యజమాని బిల్లులో కనబడుతుందా, కూలీ చేతికొచ్చే సొమ్ములో కోతగా మారుతుందా అన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. 1998లో నగర భవనం ముందు కూర్చున్నవాళ్లు అడిగిందీ అదే. కొనుగోలు సాయం పథకాలు పత్రాలున్న కంపెనీలకు అందినంత తేలికగా ఒక పికప్ ట్రక్కుతో బతికే తోటమాలికి అందవు.

పోర్ట్‌లాండ్ నగరం 2024లో చేసిన చట్టం వీటిలో ఒకదాన్నైనా పరీక్షకు పెట్టబోతోంది. 2026, 2027 సంవత్సరాల్లో అక్కడ పెట్రోలు బ్లోయర్లకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రమే అనుమతి. తడి ఆకులకు బ్యాటరీ చాలదన్న కాంట్రాక్టర్ల మాటను మన్నించి ఇచ్చిన సడలింపు అది. 2028 నుంచి ఆ మూడు నెలలు కూడా ఉండవు. శరత్తంతా వాన పడే ఊరు కాబట్టి, బ్యాటరీతో పని సాగుతుందా, సాగితే ఎంత ఖర్చుకు, ఆ ఖర్చు ఎవరి జేబులోంచి అన్నది ఆ ఏడాది నవంబరులో వీధుల్లోనే తెలుస్తుంది.